రైడ్ కార్డు మార్చేటప్పుడు డేటా ఎక్కడ పోతుంది?

సర్వర్‌లో కొన్ని డిస్కులను కలిపి ఒకే డిస్కులా నడిపించే రైడ్ కార్డు చచ్చిపోయినంత మాత్రాన డేటా పోదు. చాలాసార్లు అది డిస్కుల మీద చెక్కుచెదరకుండా ఉంటుంది. అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. కొత్త కార్డు బిగించి, డిస్కులు తగిలించి, స్క్రీన్ మీద వచ్చిన ప్రశ్నకు టెన్షన్‌లో ఏదో ఒకటి నొక్కేస్తారు చూడండి, అప్పుడు.

గచ్చిబౌలి, మాదాపూర్ వైపు పెద్ద కంపెనీలకు ఈ బాధ తక్కువ. కార్డు పోతే సపోర్ట్ కాంట్రాక్టు కింద ఇంజినీరు అదే పార్టు తెచ్చి మార్చి వెళ్తాడు. హిమాయత్‌నగర్‌లో ట్యాలీ నడుపుకునే ఆడిటర్ ఆఫీసుకో, దిల్‌సుఖ్‌నగర్‌లో స్కానింగ్ సెంటర్‌కో, కృష్ణానగర్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోకో ఆ వెసులుబాటు ఉండదు. అక్కడ ఉండేది వారంటీ ఎప్పుడో దాటిన సర్వర్, చాలాచోట్ల సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కార్డు పోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి, నాలుగు షాపులు తిరిగి, దొరికింది తెచ్చుకోవాలి. "సేమ్ కార్డే అన్నా, డిస్కులు పెట్టండి, అదే గుర్తుపడుతుంది" అని షాపులో చెప్పే మాట కొన్నిసార్లు అక్షరాలా నిజం. కొన్నిసార్లు ఆ మాట మీద నమ్మకంతోనే ఏళ్ల తరబడి లెక్కలు పోగొట్టుకుంటారు. ఏది ఎప్పుడు నిజమో తేల్చుకోవాలంటే కార్డు డిస్కుల మీద ఏం రాస్తుందో కాస్త దగ్గరగా చూడాలి.

డిస్కుల మీద ఉండే రాత

రైడ్ అనే ఆలోచన 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పత్రంతో పేరుకెక్కింది. చవక డిస్కులు కొన్నింటిని కలిపి ఒకే పెద్ద డిస్కులా వాడుకోవడం, ఒకటి పోయినా పని ఆగకుండా చూసుకోవడం దాని సారాంశం. ఆ చరిత్రను అక్కడితో వదిలేద్దాం. మనకు కావలసింది డేటాను కార్డు ఎలా పంచుతుందన్నది.

నాలుగు డిస్కుల రైడ్ 5 తీసుకోండి, ఒక డిస్కు పోయినా తట్టుకునే రకం అది. కార్డు డేటాను 64 కిలోబైట్ల ముక్కలుగా కోసి, పేకముక్కలు పంచినట్టు డిస్కులకు పంచుతుందనుకుందాం. మొదటి వరుసలో 1, 2, 3 డిస్కులకు మూడు ముక్కలు వెళ్తాయి. ఆ మూడింటి నుంచి లెక్కగట్టిన ప్యారిటీ, అంటే ఏ ఒక్క ముక్క పోయినా దాన్ని తిరిగి లెక్కగట్టడానికి పనికొచ్చే ముక్క, నాలుగో డిస్కుకు వెళ్తుంది. రెండో వరుసలో ప్యారిటీ మూడో డిస్కు మీదికి జరుగుతుంది. మరి డేటాలో నాలుగో ముక్క ఎక్కడ పడాలి? ఒక పద్ధతిలో మళ్లీ ఒకటో డిస్కు నుంచి మొదలుపెడతారు. ఇంకో పద్ధతిలో ప్యారిటీ పక్కనే ఉన్న నాలుగో డిస్కు నుంచి మొదలుపెడతారు. రెండు పద్ధతులూ వాడకంలో ఉన్నాయి. ప్యారిటీ అటునుంచి ఇటు కాకుండా ఇటునుంచి అటు జరిగే పద్ధతులూ ఉన్నాయి. ముక్క సైజు 64 కాకుండా 128, 256 కిలోబైట్లు కూడా కావచ్చు.

ఇప్పుడు నేను చెప్పబోయేది అందరూ గుర్తుపెట్టుకోవాలి. పైన చెప్పిన రెండు పద్ధతుల్లో మొదటి వరుస ఒకేలా ఉంది. అంటే మొదటి 192 కిలోబైట్లలో ఏ తేడా లేదు. డిస్కులో ఏ డ్రైవ్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే పార్టిషన్ టేబుల్ ఉండేది ఆ మొదటి ముక్కలోనే. కాబట్టి కొత్త కార్డులో పంపకం పద్ధతి తప్పుగా పడినా, 2, 3, 4 డిస్కుల వరుస తారుమారైనా, ఒకటో డిస్కు దాని చోట ఉంటే చాలు, పార్టిషన్లు కనిపిస్తాయి. సైజులు సరిపోతాయి. ఒక్కోసారి డ్రైవ్ పేరు కూడా వచ్చేస్తుంది. "హమ్మయ్య, వచ్చేసింది" అనుకుని విండోస్ బూట్ చేస్తే అది ఫైల్ సిస్టమ్ గందరగోళంగా ఉందని గమనించి తనంతట తానే చెక్‌డిస్క్ అనే దిద్దుబాటు టూల్ మొదలుపెడుతుంది. చెక్‌డిస్క్‌కు పాపం కనిపించేది తప్పు వరుసలో పేర్చిన డేటా. దాన్ని చూసి అది చేసే ప్రతి దిద్దుబాటూ సరిగ్గా ఉన్న డేటా మీద గీత గీయడమే. డిస్కుల్లో పదిలంగా ఉన్నదాన్ని మనమే చేజేతులా చెరిపించుకున్నట్టు అవుతుంది.

డిస్కులెన్ని, వరుస ఏది, ముక్క సైజెంత, ప్యారిటీ ఎటు తిరుగుతుంది అన్న వివరాలన్నీ పాత తరం కార్డులు కొన్ని తమ సొంత మెమరీలోనే దాచుకునేవి. కార్డు పోతే ఆ సమాచారం కూడా పోయినట్టే. ఇప్పుడు వాడుతున్న కార్డులు ఆ వివరాలను ప్రతి డిస్కు మీదా, సాధారణంగా చివరి సెక్టార్లలో, రాసిపెడతాయి. అందుకే ఒకే కుటుంబం కార్డుల మధ్య డిస్కులు మార్చినప్పుడు స్లాట్లు అటూఇటూ అయినా గుర్తుపడతాయి. షాపతను చెప్పిన మాట నిజమయ్యేది ఈ సందర్భంలోనే.

పేరు ఒకటి, కుటుంబం ఒకటి

ఆ చివరి సెక్టార్లలో రాసే తీరు అందరిదీ ఒకటి కాదు. స్టోరేజీ కంపెనీల సంఘం స్నియా దీనికి డీడీఎఫ్ అని ఒక ఉమ్మడి ఫార్మాట్ తయారుచేసింది. దాని ప్రకారం డిస్కులోని ఆఖరి బ్లాక్‌లో ఒక గుర్తు ఉంటుంది, మిగతా వివరాలు ఎక్కడున్నాయో అది చెబుతుంది. ఎల్‌ఎస్‌ఐ మెగారైడ్ కార్డులు ఈ బాటలో నడిచాయి. హెచ్‌పీ స్మార్ట్ అర్రే కార్డులది సొంత ఫార్మాట్. అడాప్టెక్ కంపెనీ కార్డుల్లో చాలావాటిదీ అంతే.

ఇక్కడ బ్రాండ్ పేరు చూసి మోసపోవడం చాలా తేలిక. డెల్ పెర్క్ కార్డుల్లో చాలావాటి లోపల ఉన్నది ఎల్‌ఎస్‌ఐ చిప్పే. ఆ ఎల్‌ఎస్‌ఐని 2014లో అవాగో కొన్నది, 2016లో అవాగోనే బ్రాడ్‌కామ్ పేరు పెట్టుకుంది. అంటే ఎల్‌ఎస్‌ఐ, అవాగో, బ్రాడ్‌కామ్ అని మూడు స్టిక్కర్లున్న కార్డులు ఒకే వంశం. అటువైపు అడాప్టెక్ వ్యాపారం 2010లో పీఎంసీ సియెర్రాకు, 2016లో మైక్రోసెమీకి, 2018లో మైక్రోచిప్‌కు చేరింది. హెచ్‌పీ కొత్త సర్వర్లలో ఎమ్‌ఆర్ అని మొదలయ్యే కార్డులూ ఉన్నాయి, ఎస్‌ఆర్ అని మొదలయ్యేవీ ఉన్నాయి. పెట్టె మీద పేరు ఒకటే. లోపల ఎమ్‌ఆర్‌ది బ్రాడ్‌కామ్, ఎస్‌ఆర్‌ది మైక్రోచిప్. "హెచ్‌పీ నుంచి హెచ్‌పీకే కదా" అని మార్చితే ఒకదాని రాత ఇంకొకదానికి అర్థం కాదు.

అర్థం కానప్పుడు కార్డు ఏం చేస్తుంది? ఎర్రర్ ఇవ్వదు. డిస్కులను కొత్తవిగా, ఖాళీవిగా చూపిస్తుంది. నా దృష్టిలో ఇంతకంటే ప్రమాదకరమైన స్క్రీన్ లేదు. ఎర్రర్ వస్తే ఎవరైనా ఆగుతారు. "రెడీ" అని పచ్చగా కనిపిస్తే కొత్త అర్రే, అంటే డిస్కుల కొత్త గుంపు, సృష్టించాలేమో అనిపిస్తుంది.

కుటుంబం ఒకటే అయినా తరం తేడా ఉంటుంది. పాత కార్డు నుంచి కొత్త తరానికి వెళ్లడం ఎక్కువసార్లు కుదురుతుంది, వెనక్కి రావడం కుదరకపోవచ్చు. పెర్క్ కార్డుల మాన్యువల్స్‌లో డెల్ కూడా, పై తరానికి తీసుకెళ్లిన డిస్కులను మళ్లీ కింది తరం కార్డులో పెట్టలేరని హెచ్చరిస్తుంది. "పని చేయకపోతే పాతదాంట్లో పెట్టేద్దాం" అనే ధైర్యం ఇక్కడ చెల్లదు. కొత్త కార్డు ఇంపోర్ట్ చేసుకునేటప్పుడు తన పద్ధతిలో వివరాలు తిరగరాస్తుంది.

సైజు సంగతి క్లుప్తంగా. బాగా పాతబడిన కార్డులు 32 బిట్ల లెక్కతో పనిచేస్తాయి. 512 బైట్ల సెక్టార్లతో ఆ లెక్క 2.2 టెరాబైట్ల దగ్గర ఆగిపోతుంది. 4 టెరాబైట్ల డిస్కును అలాంటి కార్డుకు తగిలిస్తే చివరి సెక్టార్లు దానికి కనిపించవు, కాబట్టి అక్కడున్న వివరాలూ కనిపించవు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికే కార్డుల్లో ఇవి ఎక్కువ. కొనేముందు మోడల్ నంబర్ చూసుకోండి.

ఫారిన్ కాన్ఫిగరేషన్ అడిగే ప్రశ్న

ఒకే కుటుంబం కార్డు దొరికి డిస్కులు తగిలిస్తే, ఆన్ చేయగానే ఫారిన్ కాన్ఫిగరేషన్ దొరికిందని వస్తుంది. ఇంకో కార్డు రాసిన వివరాలు ఈ డిస్కుల మీద ఉన్నాయని అర్థం. ఇంపోర్ట్ చేయాలా, క్లియర్ చేయాలా అని అడుగుతుంది. క్లియర్ అనే మాట వినడానికి సమస్యను సర్దేసేదిలా ఉంటుంది. అది తుడిచేది డిస్కుల మీద ఉన్న ఆ వివరాలను. డేటా ముక్కలు మిగిలే ఉంటాయి, వాటిని పేర్చే పటం పోతుంది. ఆ తర్వాత కొత్త అర్రే సృష్టించి ఫాస్ట్ ఇనిషియలైజ్ చేస్తే వర్చువల్ డిస్కు, అంటే కార్డు ఒకటిగా చూపించే పెద్ద డిస్కు, మొదటి భాగం సున్నాలతో నిండుతుంది, పార్టిషన్ టేబుల్ పోతుంది. ఫుల్ ఇనిషియలైజ్ చేస్తే ఇక వెతకడానికి ఏమీ మిగలదు. ఇనిషియలైజ్ వద్దని చెప్పినా, రైడ్ 5, 6ల్లో కార్డు కొద్ది నిమిషాల్లో వెనకాల ప్యారిటీ సరిచేసే పని తనంతట తాను మొదలుపెట్టవచ్చు. వరుస తప్పుగా ఇచ్చి ఉంటే ఆ ప్యారిటీ పడేది అసలు డేటా మీద.

ఇంపోర్ట్ కూడా కళ్లు మూసుకుని చేసేది కాదు. ముందు ప్రివ్యూ చూడాలి. మెగారైడ్ కుటుంబంలో స్టోర్‌సీఎల్ఐ అనే కమాండ్ టూల్‌లో ఇంపోర్ట్ ప్రివ్యూ ఉంది, కార్డు బూట్ మెనూలోనూ చూపిస్తుంది. అందులో అర్రే పూర్తిగా కనిపిస్తోందా, ఏ డిస్కయినా మిస్సింగ్ అంటోందా, ఒకటి ఉండాల్సిన చోట రెండు అర్రేలు కనిపిస్తున్నాయా అన్నది చూసుకోండి. ఒక్క డిస్కు కేబుల్ సరిగ్గా కూర్చోకపోయినా, అలాగే ఇంపోర్ట్ చేస్తే ఆ డిస్కు లేకుండానే అర్రే లేస్తుంది. తర్వాత దాన్ని తగిలిస్తే రీబిల్డ్, అంటే మిగతా డిస్కులు చదివి దాని మీద డేటా మళ్లీ నింపే పని, మొదలవుతుంది. రీబిల్డ్ జరుగుతున్నంతసేపూ మిగతా డిస్కులన్నీ మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా ఆగకుండా తిరగాలి, అవన్నీ ఒకే వయసు డిస్కులు. ఆ సమయంలో రెండోది పడిపోతే రైడ్ 5 కథ ముగిసినట్టే. కేబుల్ మళ్లీ గట్టిగా నొక్కి రీబూట్ చేస్తే తప్పిపోయే ప్రమాదం ఇది.

ఇంకా దొంగచాటుగా వచ్చే ప్రమాదం పాతబడిన డిస్కుతో. ఐదు డిస్కుల అర్రేలో మూడోది మార్చిలో పడిపోయిందనుకోండి. కాషాయ రంగు లైటు వెలుగుతూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు, మిగతా నాలుగూ జూన్ దాకా పని చేశాయి. జూన్‌లో కార్డు పోయింది. కొత్త కార్డులో ఐదు డిస్కులూ లేచాయి. మార్చిలో పడిపోయింది కూడా మామూలుగానే తిరుగుతోంది. దాని మీద ఉన్నది మార్చి నాటి డేటా. డిస్కుల మీద వివరాలు మార్చినప్పుడల్లా పెరిగే ఒక వరుస నంబర్ డీడీఎఫ్‌లో ఉంటుంది. దాన్ని చూసి కార్డు మామూలుగా పాత డిస్కును పక్కన పెడుతుంది. అప్పుడు "అన్నీ బాగానే ఉన్నాయి కదా, దీన్నెందుకు తీసుకోవట్లేదు" అని బలవంతంగా అర్రేలో కలిపే ఫోర్స్ ఆన్‌లైన్ కొడితే మార్చి డేటా, జూన్ డేటా కలగాపులగం అవుతాయి. ఆపైన డేటాకూ ప్యారిటీకీ పొంతన చూసే కన్సిస్టెన్సీ చెక్ నడిపితే ఆ కలగాపులగానికే సరిపోయేలా ప్యారిటీ రాసేస్తుంది. జూన్ డేటాను తిరిగి లెక్కగట్టడానికి ఉన్న ఒక్క ఆధారం అంతకుముందున్న ప్యారిటీయే, అదీ పోతుంది. డిస్కులు తీసే ముందే పాత సర్వర్ లాగ్ చూసి, ఏది ఎప్పుడు పడిపోయిందో రాసుకుని, పడిపోయినదాన్ని బయటే ఉంచేయండి.

కార్డులో మిగిలిపోయిన డేటా

డేటా అంతా డిస్కుల మీదే ఉందని ఇంతవరకూ అనుకున్నాం. అది పూర్తి నిజం కాదు. రైట్ బ్యాక్ మోడ్‌లో ఉన్న కార్డు, ఫైల్ సేవ్ అయిందని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పేసి, దాన్ని తన క్యాష్ మెమరీలో పెట్టుకుని, వీలు చూసుకుని డిస్కుల మీద రాస్తుంది. ఆ క్యాష్ 512 మెగాబైట్లు, 1 గిగాబైట్, 2 గిగాబైట్లు ఇలా ఉంటుంది. కరెంటు పోతే కాపాడటానికి కార్డు మీద బ్యాటరీ ఉంటుంది. పాత రకం బ్యాటరీలు క్యాష్‌ను మూడు రోజులో, కొన్ని ఒక్క రోజో మాత్రమే నిలబెడతాయి. తర్వాత వచ్చినవి బ్యాటరీతోనో కెపాసిటర్‌తోనో ఆ డేటాను ఒక ఫ్లాష్ మాడ్యూల్‌లోకి దించేసి ఊరుకుంటాయి, అది చాలాకాలం ఉంటుంది.

హైదరాబాద్ వేసవిలో కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ ముసలిదై అయిదు నిమిషాలకే చేతులెత్తేసి, సర్వర్ మధ్యలో ఆగిపోయి, మళ్లీ కరెంటు వచ్చేసరికి కార్డు లేవలేదనుకుందాం. ఆఖరి నిమిషాల ఎంట్రీలు ఆ కార్డులో చిక్కుకుని ఉంటాయి. డిస్కులను మాత్రమే కొత్త కార్డుకు మార్చితే ఫైల్ సిస్టమ్‌లో చిరుగులు కనిపిస్తాయి, డేటాబేస్ తెరుచుకోకపోవచ్చు. కొన్ని స్మార్ట్ అర్రే మోడళ్లలో క్యాష్ మాడ్యూల్‌ను బ్యాటరీతో సహా పీకి అదే మోడల్ కొత్త కార్డుకు తగిలిస్తే ఆ డేటా తిరిగి డిస్కులకు చేరుతుంది. అందుకే చచ్చిన కార్డును చెత్తబుట్టలో వేయకండి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయకండి.

కార్డు బతికుండగానే మార్చుతుంటే ఈ గొడవే ఉండదు. రైట్ బ్యాక్‌ను, డిస్కుల మీద రాశాకే సేవ్ అయిందని చెప్పే రైట్ త్రూకు మార్చి, సర్వర్‌ను మామూలుగా షట్ డౌన్ చేసి, ఆ తర్వాత డిస్కులు తీయండి. సర్వర్ నడుస్తుండగా డిస్కులు ఒక్కొక్కటే లాగి కొత్తదాంట్లో పెట్టడం మాత్రం వద్దే వద్దు. ప్రతి డిస్కు మీదా వేర్వేరు క్షణాల నాటి వివరాలు మిగులుతాయి.

ఒక్క డిస్కు పీకి చూద్దామనే ఆలోచన

కార్డు లేకుండా ఒక డిస్కును మామూలు పీసీకి తగిలించి లోపల ఏముందో చూద్దామని చాలామందికి అనిపిస్తుంది. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే ఈ డిస్కును ఇనిషియలైజ్ చేయాలి అని ఒక పెట్టె వస్తుంది. ఓకే కొట్టి జీపీటీ అనే పార్టిషన్ టేబుల్ రకం ఎంచుకుంటే విండోస్ డిస్కు మొదట్లో ఒక టేబుల్, దాని నకలు డిస్కు ఆఖరి సెక్టార్లలో రాస్తుంది. డీడీఎఫ్ తన గుర్తు పెట్టుకున్నది సరిగ్గా ఆ ఆఖరి బ్లాక్‌లోనే. చూడటానికి తగిలించిన డిస్కు ఒక్క క్లిక్‌తో అర్రేకు పరాయిదైపోతుంది.

చూడాల్సి వస్తే లైనక్స్ లైవ్ యూఎస్‌బీతో, మౌంట్ చేయకుండా, అంటే డ్రైవ్‌లా తెరవకుండా, చూడండి. లైనక్స్‌లో ఉండే ఎండీఏడీఎం అనే టూల్‌కు డీడీఎఫ్ ఫార్మాట్ తెలుసు, ఇంటెల్ మదర్‌బోర్డుల రైడ్ ఫార్మాట్ కూడా తెలుసు. ఎగ్జామిన్ అనే ఆప్షన్‌తో వివరాలు చదివి చూపిస్తుంది, ఏమీ రాయదు. సర్వర్లలో వాడే ఎస్ఏఎస్ రకం డిస్కులు మదర్‌బోర్డు సాటా పోర్టుకు తగలవు, వాటికి రైడ్ లేకుండా డిస్కులను నేరుగా చూపించే మామూలు హెచ్‌బీఏ కార్డు కావాలి.

వివరాలు తుడిచిపెట్టుకుపోయిన అర్రేను తిరిగి పేర్చాలంటే మొదట ప్రతి డిస్కుకూ డీడీరెస్క్యూ అనే కాపీ టూల్‌తో పూర్తి కాపీ తీయాలి. ప్రయోగాలన్నీ ఆ కాపీల మీదే. ఆరు డిస్కులకు 720 వరుసలు కుదురుతాయి. దాన్ని నాలుగు రకాల ప్యారిటీ పద్ధతులతో, నాలుగైదు ముక్క సైజులతో హెచ్చవేస్తే వేలల్లోకి పోతుంది. ఓపికగా చేస్తే దొరుకుతుంది, ఎందుకంటే తప్పు వరుసతో పెద్ద ఫైళ్లు తెరుచుకోవు. అసలు డిస్కుల మీద ప్రయత్నిస్తే ఒకటి రెండు ప్రయత్నాలకే అవకాశం అయిపోవచ్చు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి పెద్ద ఫైలునే వాడండి. స్టూడియోలో అయితే గంట నిడివి వీడియో తెరిచి మధ్యలోంచి, చివర్లోంచి ఆడించండి. ఆఫీసులో అయితే పాత పెద్ద జిప్ ఫైలును టెస్ట్ చేయండి. ఫోల్డర్ పేర్లు కనిపించడం, చిన్న నోట్‌ప్యాడ్ ఫైలు తెరుచుకోవడం దేనికీ రుజువు కాదు. ఇదంతా రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి చూడాలి.

ఒక విషయంలో మాత్రం భయపడక్కర్లేదు. కొత్త కార్డుతో అర్రే సరిగ్గా లేచినా విండోస్ నీలి స్క్రీన్ చూపించి బూట్ డివైజ్ అందడం లేదనవచ్చు. విండోస్‌లో ఆ కార్డు డ్రైవర్ సిద్ధంగా లేదు, అంతే. డేటా పోయిందనుకుని ఫార్మాట్ కొట్టకండి. కార్డు మార్చకముందే కొత్త డ్రైవర్ ఎక్కించి ఉంచితే ఇది రాదు.

ఇంకా మార్చని వాళ్లు ఈ వారంలోనే చేయగలిగిన పనులున్నాయి. అర్రే వివరాలన్నీ స్టోర్‌సీఎల్ఐతోనో, ఆ కంపెనీ టూల్‌తోనో ఒక ఫైల్‌లోకి తీసి వేరే చోట దాచండి. డిస్కుల మీద స్లాట్ నంబర్లు అంటించి, సీరియల్ నంబర్లు కనిపించేలా ఫోన్‌తో ఫొటోలు తీయండి. ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే సెక్యూరిటీ కీ ఎవరి దగ్గరుందో కనుక్కోండి. అది లేకుండా కొత్త కార్డు ఆ డిస్కులను తెరవదు, ఏ రికవరీ షాపూ తెరవలేదు. అర్రే డిగ్రేడెడ్‌గా, అంటే ఒక డిస్కు తక్కువతో, నడుస్తున్నా, కొత్త డిస్కు కలిపి పెంచే పని సగంలో ఉన్నా, ముందు దాన్ని సరిచేసి, ఆ పని పూర్తయ్యాకే కార్డు జోలికి వెళ్లండి. అదే మోడల్ కార్డు ఇంకొకటి కొని, అదే ఫర్మ్‌వేర్ ఎక్కించి, బీరువాలో పెట్టుకోండి. ఇవన్నీ బ్యాకప్‌కు బదులు కాదు. కార్డు మార్చే ముందురోజు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ తీసి, దాన్ని వేరే మెషిన్‌లో తెరిచి చూశాకే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి.

ఐటీ మనిషి రోజూ అందుబాటులో ఉండని చిన్న ఆఫీసుకు కొత్తగా సర్వర్ పెడుతుంటే హార్డ్‌వేర్ రైడ్ వద్దనే నేను చెబుతాను. మామూలు హెచ్‌బీఏ కార్డు మీద రైడ్ పనిని సాఫ్ట్‌వేర్‌తోనే చేసే లైనక్స్ రైడో, జెడ్‌ఎఫ్‌ఎస్సో వాడితే, కార్డు పోయినా డిస్కులను వేరే లైనక్స్ మెషిన్‌కు తగిలిస్తే గుర్తుపడుతుంది. వాటిని నేర్చుకోవడానికి శ్రమ ఉంది, నిజమే. ఆ శ్రమ ప్రశాంతంగా ఉన్నప్పుడు పడేది.

ఇప్పటికే ఏదో నొక్కేసిన పరిస్థితిలో ఉంటే సర్వర్‌ను వెంటనే ఆపేయండి, రీబిల్డ్ నడుస్తున్నా, చెక్‌డిస్క్ నడుస్తున్నా సరే. ఏ మెనూలో ఏది నొక్కారో, ఏ వరుసలో నొక్కారో, ఎన్నింటికి నొక్కారో గుర్తున్నంతవరకూ కాగితం మీద రాయండి. రికవరీకి ఇచ్చేటప్పుడు ఆ కాగితం, డిస్కులన్నీ, పాడైనదని పక్కన పడేసిన డిస్కు, పాత కార్డు, దాని బ్యాటరీ, అన్నీ కలిపి ఇవ్వండి.